ముగ్గురిని కనమని చెప్పే ముందు: తెలంగాణ శాసనసభ్యులకు బహిరంగ లేఖ

గౌరవ శాసనసభ్యులకు,

నమస్కారం. పార్టీలతో పని లేకుండా మీ అందరికీ కలిపి ఒకటే ఉత్తరం రాస్తున్నాను. ఇద్దరే చాలన్న రోజుల్లోనూ, ఇద్దరు చాలరంటున్న ఈ రోజుల్లోనూ ఈ విషయం మీద మీ పార్టీలు కొట్లాడుకోవడం నేనైతే చూడలేదు.

2025 చివర్లో, పంచాయతీ ఎన్నికల ముందు, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధన మన రాష్ట్రంలో ఎత్తేశారు. మంచి పని. ఆంధ్రప్రదేశ్ అంతకు ఏడాది ముందే, 2024 నవంబరులో ఎత్తేసింది. అక్కడితో ఆగితే ఈ ఉత్తరం అవసరం ఉండేది కాదు. దాంతోపాటే ఇంకో పాట మొదలైంది. జనాభా తగ్గిపోతోంది, ముసలివాళ్లు పెరిగిపోతున్నారు, పార్లమెంటులో మన సీట్లు పోతాయి, కాబట్టి కనండి. పక్క రాష్ట్ర ముఖ్యమంత్రి 2024 అక్టోబరులో ఇంకో అడుగు ముందుకేసి, ఇద్దరికంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లే స్థానిక ఎన్నికల్లో పోటీ చేసేలా చట్టం తెచ్చే ఆలోచన ఉందన్నారు. 1997లో ఉమ్మడి రాష్ట్రం సంతానం తగ్గించడానికి జనాభా విధానం ప్రకటించినప్పుడూ ముఖ్యమంత్రి ఆయనే. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవును ఇస్తానన్నారు. మా ఆఫీసులో ఆ వార్త చదువుకుని చాలాసేపు నవ్వుకున్నాం. అద్దెకున్న రెండో అంతస్తు పోర్షన్‌లో ఆవును ఎక్కడ కట్టేస్తామని.

మన దగ్గర ఇది ఇంకా పథకంగా రాలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో అడ్మిషన్ల కౌంటర్ దగ్గర పనిచేస్తాను. మా ఫారంలో తోబుట్టువుల కాలమ్ ఒకటి ఉంటుంది. రెండో బిడ్డనూ మా దగ్గరే చేర్పిస్తే ఫీజులో కొంచెం తగ్గిస్తారు కాబట్టి ఆ వివరం కావాలి. నేను చేరిన కొత్తలో అందులో ఒకటో రెండో పేర్లు రాసేవాళ్లు. ఇప్పుడు చాలామంది అడ్డగీత గీసి ఇచ్చేస్తున్నారు. పక్కనున్న నాయనమ్మో అమ్మమ్మో "దీనికి ఒక తోడు ఉండొద్దా" అని మెల్లగా అంటుంది. కోడలు మాట్లాడదు. ఎల్‌కేజీ ఫీజు కాగితాన్ని ఆమె ముందుకు జరుపుతుంది, అంతే. బస్సు, పుస్తకాలు, యూనిఫాం అందులో కలపలేదు, అవి వేరే.

ఆ అమ్మాయిలకు పిల్లలు వద్దని కాదు. వాళ్లతో రోజూ మాట్లాడేదాన్ని కనుక చెప్తున్నా. రెండో బిడ్డ కావాలనే చాలామందికి ఉంది. ఆ కోరిక ఎక్కడ ఆగిపోతోందో వాళ్లను అడిగితే చెబుతారు. మీరు ఎప్పుడైనా అడిగారా?

అడగకుండా నిర్ణయించడం మనకు కొత్త కాదు. కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా పెట్టిన మొదటి దేశం మనదే, 1952లో. ఆ కార్యక్రమం గుర్తైన ఎర్ర త్రికోణం, గోడల మీద "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు", అవన్నీ చూస్తూనే మా తరం పెరిగింది. ఎమర్జెన్సీలో, 1976-77లో, ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందులో ఎక్కువ భాగం మగవాళ్లకే. బలవంతపు వేసెక్టమీల కోపం కూడా తోడై 1977లో ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత మగవాళ్ల జోలికి పోవడానికి ఏ నాయకుడికీ ధైర్యం చాల్లేదు. కార్యక్రమం మాత్రం ఆగలేదు, ఆడవాళ్ల మీదికి మళ్లింది. ఆడవాళ్ల ట్యూబులు కోసినందుకు ఈ దేశంలో ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.

నాకు ఆపరేషన్ అయ్యేనాటికి 23 ఏళ్లు. 2001 సంవత్సరం. మాది భువనగిరి పక్కన పల్లె. రెండోసారీ ఆడపిల్లే పుట్టింది. "మగపిల్లగాడు లేకుండనే ఆపరేషనా" అని మా అత్తమ్మ అన్నం మానేసి కూర్చుంది. ఊళ్లో తిరిగే ప్రభుత్వ నర్సు, ఏఎన్ఎం, మాత్రం రోజు విడిచి రోజు ఇంటికి వచ్చేది. ఆపరేషన్లకు టార్గెట్లు పెట్టడం 1996లోనే కేంద్రం ఎత్తేసిందని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు, ఆ నెలలో కేసులు తక్కువ పడ్డాయని మా గడపలో కూర్చుని ఏడ్చినంత పని చేసింది.

నన్నెవరూ బలవంతం చేయలేదు. నేనే చేయించుకుంటానన్నాను. ఆ ఆపరేషన్ వల్లే ఇద్దరినీ చదివించగలిగాను, నేనూ ఆగిపోయిన డిగ్రీ పూర్తిచేశాను, హైదరాబాద్ వచ్చి ఉద్యోగం చేసుకున్నాను. దాని మీద నాకేం పశ్చాత్తాపం లేదు. నా ఫిర్యాదు వేరే. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్లు అప్పటికి రాలేదు సరే, కాపర్-టీ ఉంది, మాత్రలున్నాయి, నిరోధ్ ఉంది. వాటి పేరు ఎత్తినవాళ్లే లేరు. ఆసుపత్రిలో మా ఆయన సంతకం పెట్టేదాకా నన్ను లోపలికి పంపలేదు. ఆయన పొలం దగ్గర్నుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది, అప్పటిదాకా ఖాళీ కడుపుతో వరండాలో చాప మీద పడుకున్నా. వాళ్లిచ్చిన గౌనుకు నాడాలు తెగిపోయి ఉన్నాయి. పక్కన పడుకున్నామె తన కొంగు లాగి నా వీపు మీద కప్పింది, ఆమె ఊరేదో కూడా నాకు తెలియదు. సంతకం పెట్టడానికి వచ్చిన మనిషిని "నువ్వే చేయించుకోరాదా, అరగంట పని" అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. మగవాడు బరువులు మోయాలి కదా అన్నారు. కుట్లు ఆరకముందే నీళ్ల బిందెలు మోసింది ఎవరో మీరే ఊహించుకోండి.

2006లో కేంద్ర ప్రభుత్వం ఈ ఆపరేషన్లకు ప్రమాణాలు రాసింది. భర్త అనుమతి అక్కర్లేదని అందులో స్పష్టంగా ఉంది. ఈమధ్య మా ఆడపడుచు కోడలిని ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పిస్తే, అక్కడా ముందుగా అడిగింది భర్త సంతకమే.

ఇదేదో నా ఒక్కదాని గొడవ అనుకుంటారేమో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో పెళ్లయి, పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి 100 మంది స్త్రీలలో 62 మందికి ట్యూబెక్టమీ అయిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 70 మందికి. దేశం మొత్తం తీసుకుంటే 38 మందికే. మన దగ్గర భర్త ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు. మిగతా పద్ధతులన్నీ కలిపినా నలుగురైదుగురు. అంటే మన రాష్ట్రంలో పిల్లల మధ్య ఎడం పెట్టుకోవడం అనే పద్ధతే లేదు. త్వరగా పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఇరవై రెండేళ్లు దాటకుండా ఆపరేషన్ చేయకూడదనీ ఆ ప్రమాణాల్లోనే ఉంది. ఇరవై రెండు దాటగానే చేసేయమని మాత్రం ఎక్కడా లేదు.

పోనీ ఇదంతా ఏమీ సాధించలేదా అంటే, సాధించింది. ఒక్కో స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య ఉమ్మడి రాష్ట్రంలో 1992-93లో 2.6. అది 2005-06 నాటికే 1.8కి దిగింది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 ఉండాలంటారు. అంటే ఇరవై ఏళ్ల కిందటే మనం ఆ గీత కిందికి దిగిపోయాం. మూడో బిడ్డ ఉంటే సర్పంచ్ కాకూడదన్న నిబంధనను ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్లు అలాగే ఉంచారు. 2018లో తెలంగాణకు కొత్త పంచాయతీరాజ్ చట్టం రాసుకున్నప్పుడైనా తీసేసే అవకాశం వచ్చింది. తీయలేదు సరికదా, అందులోనూ రాశారు. ఎందుకని నేను ఎవరిని అడగాలి?

ఆ నిబంధన ఇళ్లల్లో ఏం చేసిందో చెబుతాను. 1994 చట్టం ప్రకారం 1995 మే తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులు. ఆ లెక్క తప్పించుకోవడానికి మనవాళ్లు బిడ్డల్నే కాగితాల మీద మార్చేశారు. ఒకసారి మా కౌంటర్ దగ్గరికి ఒక పాప వచ్చింది. ఆధార్‌లో, పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లిగా ఉన్నామె పక్కనే నిలబడి ఉంది. పాప మాత్రం ఆమెను "పెద్దమ్మా" అంటోంది. కన్నతల్లి కొంచెం వెనకగా, గోడకు ఆనుకుని ఉంది. ఫారంలో తల్లి సంతకం ఎవరు పెట్టాలని నేను అడిగితే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్నతల్లి భర్త అప్పట్లో వార్డు మెంబరుగా నిలబడ్డాడట. గెలిచాడో లేదో నేను అడగలేదు. మాజీ ఐఏఎస్ అధికారి నిర్మలా బుచ్ బృందం మన రాష్ట్రంతో కలిపి ఐదు రాష్ట్రాల్లో ఈ నిబంధన మీద అధ్యయనం చేసినప్పుడు ఇలాంటివే బయటపడ్డాయి. భార్యను వదిలేసినవాళ్లు, బిడ్డ నాది కాదన్నవాళ్లు, దత్తత ఇచ్చినవాళ్లు. పదవి పోయినవాళ్లలో ఎక్కువమంది దళితులు, గిరిజనులు, వెనుకబడిన కులాలవాళ్లు. సుప్రీంకోర్టు 2003లో హర్యానా కేసులో ఈ నిబంధన చెల్లుతుందనే చెప్పింది. కోర్టు చెల్లుతుందన్నంత మాత్రాన ఆ పాప సంతకం చిక్కు తీరలేదు.

ఆడపిల్లను కాపాడే పథకాలకూ ఇదే జబ్బు. 2005లో వచ్చిన బాలికా సంరక్షణ పథకం గుర్తుందా? ఒక్క ఆడపిల్లతో ఆపేస్తే లక్ష, ఇద్దరితో ఆపితే చెరో ముప్పై వేలు, అదీ వాళ్లకు ఇరవై ఏళ్లు నిండాక. షరతు, తల్లిదండ్రుల్లో ఒకరికి ఆపరేషన్ సర్టిఫికెట్. ఆ ఒకరు ఎవరై ఉంటారో వేరే చెప్పాలా?

ఇక ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ ఆపరేషన్లు, అంటే కడుపుకు చిన్న రంధ్రాలు పెట్టి ట్యూబులు మూసేవి, చేశారు. నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులే. మా ఉప్పల్ నుంచి గంట ప్రయాణం కూడా ఉండదు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో ఇలాగే గంటల వ్యవధిలో 83 మందికి చేస్తే 13 మంది పోయారు. సుప్రీంకోర్టు 2016లో క్యాంపులు పెట్టి ఆపరేషన్లు చేసే పద్ధతిని మూడేళ్లలో మానుకోమంది. మూడేళ్లు కాదు, ఆరేళ్లు గడిచాక మన రాజధాని పక్కన ఒకే రోజు 34 మందిని వరస పెట్టారు. సస్పెన్షన్లు జరిగాయి, విచారణ జరిగింది, కుటుంబాలకు పరిహారం ప్రకటించారు. అంతమంది ఆడవాళ్లు ఆ రోజు ఆ వరసలో ఎందుకు ఉండాల్సి వచ్చింది, వాళ్ల భర్తల్లో ఒక్కరైనా ఆ వరసలో ఎందుకు లేరు అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మూడో బిడ్డను కనమంటున్నది ఎవరిని? నూటికి 62 మంది ట్యూబులు ఇప్పటికే కోసేశారు. వాటిని మళ్లీ అతికించే ఆపరేషన్ ఉంది, కానీ అది అందరికీ ఫలించదు. మా వీధిలో ఒకావిడ ఉన్న ఒక్క కొడుకునూ డెంగీలో పోగొట్టుకుంది. అప్పటికే కూతురు పుట్టాక ఆపరేషన్ అయిపోయింది. ట్యూబులు అతికించుకుంది, గర్భం రాలేదు. ఆ తర్వాత ఐవీఎఫ్ అంటూ తిరిగి రెండు లక్షలకు పైగా పోగొట్టుకుని, నగలు తాకట్టు పెట్టి, ఇప్పుడు ఆ మాటే ఎత్తదు. ఈ నగరంలో ఏ మెయిన్ రోడ్డెక్కినా ఒక ఫెర్టిలిటీ సెంటర్ బోర్డు కనిపిస్తుంది. గాంధీ ఆసుపత్రిలో సర్కారు ఐవీఎఫ్ సెంటర్ పెట్టారు, సంతోషం. ఆ సెంటర్ ఎంతమందికని సరిపోతుంది?

మిగిలిన ఆడవాళ్ల సంగతి చూద్దాం. అదే సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లు, దేశంలోకెల్లా ఎక్కువ. ప్రైవేటులో అయితే ఎనభై దాటింది. రెండు సిజేరియన్లయ్యాక మూడోది అంటే డాక్టర్లే భయపడతారు. బిడ్డ మాయ పాత కోత మచ్చకు అతుక్కుపోవచ్చు, గర్భసంచి చిట్లవచ్చు, రక్తస్రావం ఆగకపోవచ్చు. అందుకే రెండో సిజేరియన్ టేబుల్ మీదే "ట్యూబెక్టమీ కూడా చేసేద్దామా" అని అడుగుతారు. అంటే మీరు వేదిక మీద నుంచి మూడోది అంటున్న సమయానికే, లోపల డాక్టరు రెండోదాంతో చాలించమంటోంది. డాక్టరు చెప్పేది మా ప్రాణానికి సంబంధించిన మాట. మీరు చెప్పేది సీట్లకు సంబంధించిన మాట. మేం ఎవరి మాట వినాలి? ఇంకొకటి కూడా. గర్భసంచులు తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో అందరికంటే ఎక్కువ ఉన్నదీ ఈ రెండు తెలుగు రాష్ట్రాల్లోనే, పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు వాళ్లలో నూటికి ఎనిమిది మందికి పైగా. ఆడవాళ్ల కడుపు మీద కత్తి పెట్టడం ఇక్కడ ఎంత తేలికైపోయిందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

చట్టాల్లో కూడా మూడో బిడ్డకు ఇంకా శిక్ష ఉంది, పంచాయతీ చట్టంలో పోయినా. మొదటి ఇద్దరికి 26 వారాల ప్రసూతి సెలవు, మూడో కాన్పుకు 12 వారాలే. కేసీఆర్ కిట్ కింద అబ్బాయి పుడితే 12,000, అమ్మాయి పుడితే 13,000 ఇచ్చిన రోజుల్లోనూ అది రెండు కాన్పులకే. కేంద్రం ఇచ్చే మాతృవందన డబ్బు మొదటి బిడ్డకు, రెండోది ఆడపిల్ల అయితేనే మళ్లీ. తమిళనాడులో మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక ప్రభుత్వ టీచర్‌కు మూడో బిడ్డ అని సెలవు ఇవ్వకపోతే ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2025 మేలో గెలిచింది. పిల్లలు కనే వయసులో ఉన్నామె కోర్టుల చుట్టూ తిరగడమా?

మా పెద్దమ్మాయి గచ్చిబౌలి వైపు ఉద్యోగం చేస్తుంది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని చట్టం. వాళ్ల కంపెనీ ఒక డేకేర్ పేరు ఈమెయిల్‌లో పంపించి చేతులు దులుపుకుంది. నెలకు అక్కడ కట్టే డబ్బు, ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రానుపోను పోయే మూడు గంటలు, ఇవి చాలు దానికి టెన్షన్. రెండో బిడ్డ సంగతి ఎత్తితే "నువ్వు ఉద్యోగం మానేసి వచ్చి చూసుకుంటావా అమ్మా" అంటుంది. నాకు ఇంకా పదేళ్ల సర్వీసు ఉంది. పింఛను లేని ఉద్యోగం, మానేస్తే నాకెవరు పెడతారు?

చైనా 2016లో ఒక్కరి నిబంధన ఎత్తేసింది, 2021లో ముగ్గురైనా సరేనంది. మొదట్లో ఒక్క ఏడాది కొంచెం పెరిగినా, జననాలు ఆ తర్వాత బాగా పడిపోయాయి. దక్షిణ కొరియా ఎన్నో ఏళ్లుగా డబ్బు కుమ్మరించినా, ఒక్కో స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య అక్కడ 2023లో 0.72కి పడిపోయింది. ఆవుల పథకం ప్రకటించేవాళ్లు ఈ రెండు లెక్కలూ ఒకసారి చూడాలి.

సీట్లు తగ్గుతాయన్న మీ భయం నాకు అర్థమవుతుంది. జనాభా అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదనే 1976లో సీట్ల లెక్కను 1971 జనాభా దగ్గర ఆపారు. ఆ పోరాటం ఢిల్లీలో చేయండి, మేమూ మీ వెంట ఉంటాం. దానికి సైన్యాన్ని మా కడుపుల్లోంచి తీస్తామనకండి.

మీ నుంచి నేను కోరేది పెద్ద ఖర్చు పనులేం కావు, క్రెష్‌లు తప్ప. సర్కారులోనైనా ప్రైవేటులోనైనా ఆపరేషన్‌కు ముందు అన్ని పద్ధతులూ తెలుగులో, ఉర్దూలో చెప్పి, ఆమె ఒక్కదాని సంతకమే తీసుకోవాలి. భర్త సంతకం అడిగిన ఆసుపత్రి మీద చర్య ఉండాలి. కాన్పు టేబుల్ మీద, నొప్పుల మధ్య ఆ ప్రశ్న అడగకూడదు, నెలలు నిండకముందే మాట్లాడుకోవాలి. మా బస్తీ దవాఖానాలో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు చక్కగా ఇస్తారు. అంతర ఇంజెక్షన్ అడిగిన అమ్మాయిని మాత్రం పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. అది మూడు నెలలకోసారి వేసే సూది, 2017 నుంచి ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. కత్తి కోత లేని వేసెక్టమీని కనీసం ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికో రోజు చేయించండి. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో మగవాళ్లు ముందుకొచ్చి చేయించుకున్నారు, మనవాళ్లకు చేతకాని పనేం కాదు. మీలో ఇద్దరు పిల్లలున్న ఎమ్మెల్యే ఒకరు ముందు చేయించుకుని ఆ సంగతి చెప్పగలిగితే ఎన్ని పోస్టర్లయినా దాని ముందు దిగదుడుపే. నవ్వులాటకు అనడం లేదు.

ఒకవేళ ఇవేవీ కాకపోయినా ఒక్క పని చేయండి. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఆరోగ్య మంత్రిగారిని ఈ ప్రశ్న అడగండి: గత ఏడాది తెలంగాణలో జిల్లాలవారీగా పాతికేళ్ల లోపు ఆడవాళ్లకు ఎన్ని ట్యూబెక్టమీలు చేశారు, వేసెక్టమీలు ఎన్ని, వేసిన అంతర సూదులు ఎన్ని, ఆపరేషన్ ఫెయిలైన కేసులు ఎన్ని, చనిపోయినవాళ్లు ఎంతమంది. జవాబును సభలో చదివించండి, బల్ల మీద పెట్టి ఊరుకోకుండా. ఆ రోజు నేను సెలవు పెట్టి టీవీ ముందు కూర్చుంటాను.

ఇట్లు,
ఇద్దరు ఆడపిల్లల తల్లి,
ఉప్పల్ నియోజకవర్గ ఓటరు, హైదరాబాద్